స్తంభం లేని సిపాయిలు

జూలై 26 కార్గిల్ విజయ దినం, డిసెంబరు 16 బంగ్లాదేశ్ యుద్ధ విజయ దినం. ఈ రెండు తేదీల్లోనూ మన చిన్న పట్టణాల్లో మాజీ సైనికుల సంఘాలు సమావేశమవుతాయి. మైలవరమైనా, తిరువూరైనా, నూజివీడైనా కార్యక్రమం దాదాపు ఒకే తీరు. చొక్కాలకు పతకాలు, అమరుల చిత్రపటానికి పూలదండ, రెండు నిమిషాల మౌనం, యుద్ధ జ్ఞాపకాలు. ఆ తర్వాత మాట అసలు విషయాల మీదికి మళ్లుతుంది. పింఛను బకాయిలు, క్యాంటీను సరుకులు, ఈసీహెచ్ఎస్ ఆసుపత్రి రెఫరల్ కాగితాలు, తహసీల్దారు కార్యాలయంలో కదలని భూమి దరఖాస్తు. సభ చివర ఆ దరఖాస్తు గురించి ఎవరో ఒకరు లేచి మాట్లాడక మానరు.

యుద్ధ సంస్మరణ పక్కనే భూమి దరఖాస్తు చేరడాన్ని చూసి కొందరు పెదవి విరుస్తారు. త్యాగాన్ని స్మరించుకోవలసిన చోట ఈ బేరసారాలేమిటని వారి అభ్యంతరం. చరిత్ర తెలిసినవారు అలా అనరు. యుద్ధాన్ని తలచుకోవడానికి ఒకచోట చేరిన సిపాయిలు ఎప్పుడూ రాజ్యానికి ఒక లెక్క చూపించడానికే చేరారు. మేమిచ్చింది ఇది, మాకు రావలసింది ఇది అన్నదే ఆ లెక్క. ఈ దేశంలో ఆ లెక్కను అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా అడిగినవారు అంటరాని కులాల సిపాయిలు. కోరెగాం కథ అక్కడే మొదలవుతుంది. కానీ మన దగ్గర ఆ కథను మధ్యలోంచి చెప్పుకోవడం అలవాటైంది.

ఇటీవలి సంవత్సరాల్లో తెలుగు విశ్వవిద్యాలయాల్లో కూడా జనవరి 1న భీమా కోరెగాంను స్మరిస్తున్నారు. గోడపత్రికల మీద ఐదువందల మంది మహర్ వీరులు ఇరవై ఎనిమిది వేల పేష్వా సైన్యాన్ని ఓడించారని ఉంటుంది. దానికి పోటీగా మరొక వర్గం, ఆంగ్లేయుల తరఫున పోరాడినవారిని కీర్తించడం దేశద్రోహం కాదా అని అడుగుతుంది. ఈ రెండు వాదాలూ యుద్ధం చుట్టూనే తిరుగుతాయి. సంస్మరణను ఎవరు, ఎందుకు మొదలుపెట్టారన్న ప్రశ్న రెండింటిలోనూ కనిపించదు.

యుద్ధం గురించి తెలిసినంతవరకు చెప్పుకుందాం. 1818 జనవరి 1న పూనా సమీపంలో, భీమా నది ఒడ్డున కోరెగాం గ్రామంలో కెప్టెన్ ఫ్రాన్సిస్ స్టాంటన్ నాయకత్వంలోని కంపెనీ దళం రోజంతా నిలిచి పోరాడింది. ఆ దళంలో బొంబాయి నేటివ్ ఇన్‌ఫాంట్రీ పదాతులు సుమారు ఐదువందల మంది, కొంత అశ్వదళం, రెండు ఫిరంగులు ఉన్నాయి. మొత్తం కలిపి ఎనిమిది వందల పైచిలుకు. ఎదుట రెండవ బాజీరావు సైన్యం మొత్తం ఇరవై ఎనిమిది వేలు ఉన్నా, గ్రామం మీదికి దూకింది అందులో ఒక చిన్న భాగమే. అందులోనూ అరబ్బు సిపాయిలు ప్రముఖంగా ఉన్నారు. చీకటి పడ్డాక పేష్వా సైన్యం వెనుదిరిగింది. స్టాంటన్ మిగిలినవారితో శిరూరుకు తరలిపోయాడు. బాజీరావు లొంగిపోయింది ఆ ఏడాది జూన్‌లో. కనుక ఆ ఒక్క రోజుతోనే పేష్వా రాజ్యం కూలిందనడం అతిశయోక్తి. అక్కడ పోరాడినవారంతా మహర్లు కారు. పేష్వా పక్షాన ఉన్నవారంతా బ్రాహ్మణులూ కారు. ఈ మాటలన్నీ 2018లో ఆనంద్ తేల్తుంబ్డే నిర్మొహమాటంగా రాశారు, దళిత శ్రేణుల నుంచే విమర్శలు ఎదుర్కొన్నారు. ఆ గాథను ప్రశ్నించిన మనిషే తర్వాత ఆ ఊరి పేరుతో నడిచిన కేసులో, 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, లొంగిపోయి జైలుకు వెళ్లారు. తెలుగు పాఠకులకు ఆ కేసు వరవరరావు పేరుతో మరింత దగ్గరగా తెలుసు. ఈ విచిత్రం మీద ఇంకా రాయవలసింది చాలా ఉంది, ఇక్కడ అది మన విషయం కాదు.

కంపెనీ 1821లో ఆ ఊరి పక్కన రాతి స్తంభానికి పునాది వేసింది. అది కంపెనీ విజయ గర్వానికి గుర్తు, అందులో సందేహం లేదు. అయితే ఆ రాతి మీద చనిపోయిన సిపాయిల పేర్లు కూడా చెక్కారు. నలభై తొమ్మిది పేర్లు. వాటిలో ఇరవై రెండు ‘నాక్’ అన్న ప్రత్యయంతో ముగుస్తాయి. అది మహర్ల పేర్లకు గుర్తు. కులాన్ని పేరు చివర మోయవలసి రావడం ఎవరికైనా అవమానమే. ఆ శాసనంలో అదే సాక్ష్యమైంది. రాతి మీద చెక్కినవారి ఉద్దేశం ఏదైనా కావచ్చు. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ రాతిని చదివినవారి ఉద్దేశం వేరు.

ఆ డెబ్బై ఏళ్లలో ఏం జరిగింది? 1857 తర్వాత సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించే క్రమంలో ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం పుట్టింది. కొన్ని కులాలకు, కొన్ని ప్రాంతాలకు పౌరుషం పుట్టుకతో వస్తుందనీ, మిగిలినవారికి రాదనీ దాని సారాంశం. మన వర్ణ ధర్మానికి ఆంగ్లేయ సేనాధిపతులు చేసిన అనువాదం అది. 1890ల మొదటి సంవత్సరాల్లో మహర్ల నియామకం ఆగిపోయింది. తాత, తండ్రి సిపాయిలుగా పనిచేసిన ఇళ్లలో కొడుకు మళ్లీ ఊరి వెట్టికి పోవలసి వచ్చింది. సైనిక పాఠశాలల్లో అక్షరం నేర్చిన ఒక తరం మాత్రం దీన్ని మౌనంగా ఒప్పుకోలేదు. సైన్యంలో పనిచేసి వచ్చిన గోపాల్ బాబా వలంగ్‌కర్ కొంకణ తీరంలోని దాపోలిలో పింఛను సిపాయిలతో కలిసి ‘అనార్య దోష పరిహారక మండలి’ నడిపాడు. నిషేధం ఎత్తివేయాలని ప్రభుత్వానికి మహజరు సిద్ధం చేశాడు. ఆ తర్వాత పూనాలో శివరాం జాన్బా కాంబ్లే మహర్లను సమీకరించి, 1910లో ఏకంగా లండన్‌లోని భారత వ్యవహారాల మంత్రికి విన్నపం పంపాడు. కోరెగాం స్తంభం దగ్గర సభలు జరగడానికి మూలం ఈ ఉద్యమమే. మేము పౌరుషం లేని జాతి అయితే ఈ పేర్లు ఎవరివి? వారు ఆ రాతి ముందు నిలబడి అడిగిన ప్రశ్న ఇది. అందులో పేష్వాల మీద గెలిచామన్న సంబరం కన్నా, వాడుకుని వదిలేసిన దొర మీద ఫిర్యాదే ఎక్కువ.

1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్లింది ఆ సభల కొనసాగింపుగానే. ఆయన సుబేదార్ రాంజీ కొడుకు, మౌ కంటోన్మెంటులో పుట్టినవాడు. ఆ నిషేధం ఆయన ఇంటి కథ. ఆంగ్లేయుల కోసం ప్రాణాలిచ్చినవారికి ఆంగ్లేయులే సైన్యం తలుపులు మూశారని, వాటిని తెరిపించేదాకా పోరాడాలని అక్కడ చెప్పారు. ఆ తర్వాత మూడు నెలలు తిరగకముందే మహాడ్ చవదార్ చెరువు దగ్గర నీళ్లు తాగే పోరాటం జరిగింది. ఆ కొంకణ ప్రాంతం నిండా పింఛను సిపాయిల పల్లెలే. అదే ఏడాది పురుడు పోసుకున్న వాలంటీర్ల దళానికి సమతా సైనిక్ దళ్ అని పేరు పెట్టడం యాదృచ్ఛికం కాదు. సైనికుడు అన్న మాటను సర్కారు కొలువు నుంచి విడదీసి సమానత్వానికి కలిపిన పేరు అది. ఇప్పటికీ జనవరి 1న మహర్ రెజిమెంట్ మాజీ సైనికులు యూనిఫారాల్లో వెళ్లి ఆ స్తంభానికి సెల్యూట్ చేస్తారు. మొదట్లో ఆ రెజిమెంట్ టోపీ గుర్తు మీద ఉన్నదీ ఆ స్తంభమే.

ఇక మన సంగతి.

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలో కొండపల్లి ఖిల్లా కనిపిస్తుంది. 1766లో జనరల్ కాలియో దాన్ని నిజాం మనుషుల చేతుల్లోంచి పట్టుకున్నాడు. కంపెనీ సిపాయిలకు అది స్థావరమైంది, కోటలో వారి బారకాసుల శిథిలాలు నేటికీ ఉన్నాయి. బొమ్మలు కొనుక్కుని ఖిల్లా చూసి వచ్చే యాత్రికులకు రెడ్డి రాజులు, గజపతులు, కుతుబ్‌షాహీలు గుర్తుంటారు. ఆ బారకాసుల్లో పడుకున్నవారు ఎవరన్న ఆలోచన రాదు. ఉత్తర సర్కారులు కంపెనీ వశమైన రోజుల్లో మద్రాసు సైన్యంలో సర్కారు బటాలియన్లు వెలిశాయి. అంతకుముందే, 1757 నాటికే, క్లైవు వెంట బెంగాలుకు వెళ్లిన సిపాయిలను అక్కడివారు ‘తిలంగా’లని పిలిచారు. తెలుగు దేశం నుంచి వచ్చినవారని అర్థం. ఆ తర్వాత ఉత్తరాదిలో ఏ ఊరివాడైనా సరే, ఎర్రకోటు తొడిగిన సిపాయిని తిలంగా అనే అన్నారు. హిందీ నిఘంటువుల్లో ఇప్పటికీ ఆ అర్థం ఉంది. మన జాతి పేరే ఒక వృత్తి పేరైపోయేంతగా తెలుగువారు కంపెనీ సైన్యంలో ఉన్నారన్నమాట. అయినా మన పాఠ్యపుస్తకాల్లో తెలుగు సిపాయికి ఒక పేజీ లేదు.

మద్రాసు సైన్యం స్వభావం కూడా వేరు. బెంగాలు సైన్యం అవధ్ ప్రాంతపు బ్రాహ్మణ, రాజపుత్ర రైతులను వెతికి చేర్చుకుంది. వారి వంట వారిదే, వారి మడి వారిదే. మద్రాసు పటాలాల్లో ముస్లింలు, రకరకాల శూద్ర కులాలు, పరయలు, మాలలు కలిసి ఒకే వరుసలో నిలబడ్డారు. కుటుంబాలు కూడా సిపాయిల వెంటే, పటాలం లైన్లలోనే కాపురం ఉండేవి. కంపెనీ దీన్ని ఆదర్శం కోసం చేసిందనుకోనవసరం లేదు. మనుషులు కావలసివచ్చారు, దొరికారు, అంతే. మద్రాసు శాపర్లు కట్టిన వంతెనల మీదుగా, తవ్విన కందకాల్లోంచి బర్మా నుంచి మెసపొటేమియా దాకా సామ్రాజ్యం నడిచింది. వారిలో పరయలు, దళిత క్రైస్తవులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. చెప్పుకోవాలంటే కోరెగాంలో ఉన్న ఆ రెండు ఫిరంగులు కూడా మద్రాసు ఆర్టిలరీవే.

వీరి పేర్లు ఏ రాతి మీద ఉన్నాయి? విల్సన్ దొర మద్రాసు సైన్య చరిత్రను ఐదు సంపుటాల్లో రాశాడు. అధికారుల పేర్లు, పటాలాల సంఖ్యలు, గాయపడినవారి మొత్తాలు వరుసగా ఉంటాయి. సిపాయి మాత్రం అంకెగానే మిగిలిపోయాడు. నేటి మద్రాసు రెజిమెంటు చిహ్నంలో ఒక ఏనుగు కనిపిస్తుంది. 1803లో మరాఠాల మీద అస్సాయేలో మద్రాసు పటాలాలు సాధించిన గెలుపుకు కంపెనీ ఇచ్చిన గుర్తు అది. ఆ రెజిమెంటులో పనిచేసి వచ్చిన తెలుగు జవానులు మన ఊళ్లలో ఉన్నారు. ఏనుగును భుజాన మోసినవారికి ఆ ఏనుగు ఎక్కడిదో చెప్పినవారు తక్కువ.

దీనికి ఒక కారణం ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక భారత సైన్యం, ఈ దేశపు పాలకుల మీద, ఈ దేశపు ప్రజల మీద కంపెనీ తరఫున సాధించిన విజయాలను వేడుక చేయదగనివిగా వేరుపెట్టింది. శ్రీరంగపట్నం, అస్సాయే, కోరెగాం ఆ జాబితాలోనివే. స్వతంత్ర దేశం అలా నిర్ణయించడం సహజం, తప్పుపట్టవలసిన పని లేదు. అయితే అస్సాయే ఏనుగు చిహ్నంగా మిగిలింది, కోరెగాం స్తంభం మహర్ రెజిమెంట్ టోపీ మీద నుంచి తొలగింది. ఏనుగుకు కులం లేదు గనుక అది ఎవరికీ అడ్డు రాలేదు. స్తంభం మీద పేర్లున్నాయి. ఆ పేర్లకు కులం ఉంది.

యుద్ధ జాతుల సిద్ధాంతం మొదటి దెబ్బ తగిలింది మనకే. దాని ప్రధాన ప్రవక్త రాబర్ట్స్ 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతి. ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి అధిపతి అయ్యాడు. దక్షిణాది సిపాయి సుఖానికి అలవాటుపడి పౌరుషం కోల్పోయాడని తీర్మానించి, మద్రాసు పటాలాలను తగ్గించి, పంజాబు, నేపాలు మనుషులతో నింపాడు. తెలుగు జిల్లాల నుంచి నియామకాలు క్రమంగా ఎండిపోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల కొరత రాగానే పౌరుషం మళ్లీ అందరిలోనూ కనబడింది. 1917లో మహర్లతో ఒక పటాలం ఏర్పాటు చేశారు. యుద్ధం ముగిసి ఖర్చు తగ్గించుకోవలసి రాగానే, 1921 నాటికి దాన్ని రద్దు చేశారు. 1920ల చివరికి మద్రాసు పదాతి పటాలాలూ మూతపడ్డాయి. రెండవ యుద్ధంలో మళ్లీ తెరిచారు. 1941లో మహర్ రెజిమెంటు, 1943లో చమార్ రెజిమెంటు వచ్చాయి. చమార్లు కోహిమాలో జపాన్ సైన్యంతో పోరాడి యుద్ధ గౌరవం పొందారు. 1946లో ఆ రెజిమెంటును రద్దు చేశారు. ప్రాణాపాయం ఉన్నంతకాలం ఉన్న పౌరుషం పింఛను ఇవ్వవలసిన కాలానికి మాయమయ్యే ఈ విద్యను ఏ సిద్ధాంతం వివరిస్తుందో రాబర్ట్స్ వారసులే చెప్పాలి.

1917 అన్న సంవత్సరం దగ్గర ఒక్కక్షణం ఆగాలి. పూనా వైపు మహర్లు పటాలం సాధించిన ఆ ఏడాదే, నవంబరులో, బెజవాడలో పంచముల మహాసభ జరిగింది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. పంచములన్న పేరు మాకు వద్దు, ఈ నేలకు తొలి వారసులం గనుక మేము ఆది ఆంధ్రులం అని ఆ సభ ప్రకటించింది. సభకు వచ్చినవారు గుళ్లోకి వస్తారేమోనన్న భయంతో ఆ రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూశారు. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర పేర్లను అధికారికంగా గుర్తించింది. మరాఠీ దళితులు రాజ్యాన్ని ‘మా పేర్లు మీ రాతి మీద ఉన్నాయి’ అని నిలదీశారు. తెలుగు దళితులకు చూపించడానికి రాయి లేదు. అందుకే వారు సిపాయి జాబితాను వదిలి నేలను సాక్ష్యంగా పిలిచారు. అక్కడ సేవకు ప్రతిఫలం అడిగారు, ఇక్కడ మూలవాసి హక్కు అడిగారు. నా దృష్టిలో తెలుగు దళిత రాజకీయాల్లో ఆత్మగౌరవ స్వరం ఎంత గట్టిగా ఉన్నా, సైనిక స్మృతి దాదాపు లేకపోవడానికి బీజం ఇక్కడే ఉంది. ఆది ఆంధ్రుడు అన్న మాట ఎంత గొప్పదో, అంతే సులభంగా అది ఆ ఎర్రకోటు మాలను కనుమరుగు చేసింది.

మనకు యుద్ధ సంస్మరణలు లేవా అంటే, ఉన్నాయి. కృష్ణకు అవతలి ఒడ్డున, పల్నాడు కారెంపూడిలో ఏటా కార్తీక మాసంలో వీరారాధన ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఐదు రోజులు. పన్నెండవ శతాబ్దపు యుద్ధంలో పడినవారి ఆయుధాలను వారి వంశస్థులమని చెప్పుకునే వీరాచారవంతులు మోసుకొస్తారు. బతికున్నవారు చనిపోయినవారి తరఫున ఏటా హాజరు పలికే సంఘం అది. ప్రపంచంలోని ఏ మాజీ సైనికుల సంఘానికీ ఇంత సుదీర్ఘ చరిత్ర ఉందని నేననుకోను. ఆ జాబితాలో మాల కన్నమదాసు ఉన్నాడు, బ్రహ్మనాయుడి పెంపుడు కొడుకుగా, సేనానిగా. ఆ కథను తరతరాలుగా గానం చేస్తూ కాపాడిన వీరవిద్యావంతుల్లోనూ మాలలే ముఖ్యులు. శ్రీనాథుడి పేరు మీద ఉన్న ద్విపద కావ్యం గ్రంథాలయంలో ఉంది. కన్నమదాసు మాత్రం ఆ గాయకుల గొంతులో బతికాడు.

మందపోరు నాడు చాపకూడు పెడతారు. కులాలన్నీ ఒకే చాప మీద కూర్చుని తిన్నాయన్న దానికి స్మృతి అది. నేడు రాజకీయ నాయకులు కూడా ఆ బంతిలో కూర్చుని ఫొటోలు దిగుతారు. మంచిదే. మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజుల సంగతి పల్నాడు పల్లెల్లో హోటళ్లూ, బావులూ, శ్మశానాలూ చెబుతాయి. కన్నమదాసును సేనానిగా ఒప్పుకున్న సమాజం కన్నమదాసు వాడకు దారి ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకోదన్న ప్రశ్నను ఉత్సవం తనంతట తాను అడగదు. కోరెగాంలో పింఛను సిపాయిలు అడిగారు గనుక అది ఉద్యమమైంది. కారెంపూడిలో అడిగేవారు లేక అది ఉత్సవంగా మిగిలింది.

డెల్టాలో దళితులు తమ చేతులతో కట్టుకున్న స్మారకం మరొకటుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను తరిమి నరికారు. వారిని ఊళ్లోనే ఖననం చేసి, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఏటా ఆ తేదీన అక్కడ సభ జరుగుతుంది. ప్రత్యేక కోర్టు ఊళ్లోనే ఏర్పడింది, 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా విడిచిపెట్టింది. అప్పీలు చేసుకున్నవారు ఏటా మళ్లీ అక్కడికే వచ్చి పేర్లు చదువుతున్నారు. మహర్ల చేతికి విజయ స్తంభం దొరికింది, మనకు రక్తక్షేత్రం దొరికింది. రెండు చోట్లా జరిగే పని మాత్రం ఒకటే. చనిపోయినవారి జాబితాను పట్టుకుని బతికున్నవారు రాజ్యం ముందు నిలబడటం.

ఇప్పుడు మళ్లీ భూమి దరఖాస్తు. మైలవరం మెట్ట ప్రాంతం. 1850లలో బెజవాడ ఆనకట్ట కట్టాక తవ్విన కాలువలు డెల్టాను మాగాణి చేశాయి, కొండల పక్కన ఉన్న ఈ నేలను చెరువులకూ మామిడి తోటలకూ వదిలేశాయి. ఇక్కడ భూమిలేని దళితుడికి ప్రభుత్వం ఇచ్చే పట్టా 1977 నాటి అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం కిందికి వస్తుంది. సాగు చేసుకోవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు, అమ్మరాదు. పేదవాడి చేతి నుంచి భూమి పెద్దల చేతికి పోకుండా ఆపడమే ఉద్దేశం. అది మంచి ఉద్దేశమే గాని, ఆచరణలో భూమి పోతూనే ఉంది, కాగితం మీద పేరు మాత్రం మిగులుతోంది. మాజీ సైనికుడికి ఇచ్చిన పట్టాకు వేరే నియమం. పదేళ్లు గడిస్తే అమ్ముకోవచ్చు. 2023లో చట్టాన్ని సవరించి ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములన్నిటికీ యాజమాన్య హక్కు కల్పించారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు.

ఈ రెండు నియమాలను ఒకే మనిషి మీద పెట్టి చూడండి. మాలపల్లె నుంచో, మాదిగపల్లె నుంచో సైన్యంలో చేరి పదిహేడేళ్లు పనిచేసి తిరిగివచ్చిన హవల్దారు ఒకడున్నాడనుకుందాం. అతడు భూమిలేని పేదగా పట్టా పొందితే రాజ్యం అతడిని కాపాడవలసిన మైనరుగా చూస్తుంది. మాజీ సైనికుడిగా పొందితే తన మంచిచెడ్డలు తెలిసిన పౌరుడిగా చూస్తుంది. మనిషి ఒకడే, ఎకరాలు అవే, పల్లె అదే. తేడా యూనిఫారంలో ఉంది. అతడి పక్కింట్లో, తరాలుగా ఆ నేలనే దున్నిన కూలీకి ఆ గౌరవం దక్కదు. సిపాయిగా చేసిన సేవ పౌరసత్వానికి అర్హత అయితే, మాగాణి పండించిన సేవ ఎందుకు కాదు? 1927లో అంబేడ్కర్ కోరెగాం నుంచి నేరుగా మహాడ్ చెరువుకు నడవడంలోని అర్థం ఇదేనని నాకనిపిస్తుంది. సిపాయి పేరు మీద తెరిచిన తలుపును సిపాయి కానివారి కోసం కూడా తెరిచి ఉంచాలన్నది ఆయన లెక్క.

ఆ హవల్దారు కథ అంతటితో అయిపోదు. పదేళ్లు గడిచి తన పట్టా భూమిని రిజిస్ట్రేషన్ చేయించబోతే అది నిషేధిత భూముల 22-ఎ జాబితాలో కనిపించవచ్చు. మాజీ సైనికుడినని రుజువు చేసుకుని కలెక్టరు నుంచి నిరభ్యంతర పత్రం తెచ్చుకోవాలి. డిశ్చార్జి బుక్కు, పట్టా కాపీ, అడంగలు, గ్రామ రెవెన్యూ అధికారి నివేదిక, తహసీల్దారు సిఫారసు. ఈ దారిలో అగ్రకులపు మాజీ సైనికుడికీ దళిత మాజీ సైనికుడికీ ఒకే కాలం పడుతుందా అన్నది సమాచార హక్కు చట్టం కింద జిల్లాకొక దరఖాస్తు పెట్టి తేల్చుకోదగిన ప్రశ్న. మాజీ సైనికుల సంఘాలు కులం మాట ఎత్తకపోవడం సైన్యంలో నేర్చుకున్న క్రమశిక్షణ కావచ్చు. రెవెన్యూ కార్యాలయానికి ఆ క్రమశిక్షణ లేదు.

విద్యార్థులకు చేయదగిన పని మరొకటి ఉంది. మద్రాసు ప్రభుత్వ సైనిక శాఖ రికార్డులు చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ప్రాచీన పత్రాగారంలో ఉన్నాయి. సర్కారు బటాలియన్ల నియామకాలు, పింఛన్లు, వితంతువుల అర్జీలు అందులో వెతకాలి. గోడపత్రిక మీద ఐదువందలూ ఇరవై ఎనిమిది వేలూ అని రాయడం కన్నా అది కష్టం. మహర్లకు కంపెనీయే పేర్లు చెక్కిపెట్టింది. మన సిపాయిల పేర్లను మనమే ఒక్కొక్కటిగా ఏరి, ఊరూ వాడా కలిపి రాసుకోవాలి. ఆ పేర్లతో కొండపల్లి ఖిల్లా ద్వారం దగ్గర ఒక మామూలు రేకు పలక పెట్టమని పురావస్తు శాఖను అడగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.